మా కర్రికి ఏమైందో చెప్పినవాళ్లు, చెప్పనివాళ్లు

నిన్న రాత్రి మా కుక్క కర్రికి ఆఖరి డాక్సీ మాత్ర వేశాను, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్. రోజుకి రెండు చొప్పున 28 రోజులు, మొత్తం 56 మాత్రలు. ఎండు నెత్తళ్లు నలిపి కలిపిన అన్నం ముద్దలో పెట్టి ఇస్తే మొదటి వారం మాత్రని మాత్రం పక్కకి తోసేసి అన్నం తినేవాడు. నాలుగో వారానికి స్ట్రిప్ చప్పుడు వినగానే వచ్చి నా ఎదురుగా కూర్చోవడం అలవాటైపోయింది. ఖాళీ స్ట్రిప్పులు ఆరూ పారేయలేదు, వంటింటి అలమరలో ఉన్నాయి.

ఈ నెలన్నరలో కర్రి వైద్యానికి అయిన ఖర్చు 17,400 రూపాయలు. శ్రీకాకుళంలో ఒక ప్రైవేట్ స్కూల్లో సైన్సు చెబితే నాకు నెలకి వచ్చేది 16,000. ఎవరైనా అడిగితే ఐదారు వేలు అయ్యుంటుందని చెబుతున్నాను. నిజం చెప్పింది ఒకే ఒక్కసారి, మా వీధి చివర పెద్దమ్మకి. "ఓలమ్మ, కుక్కకి అంత డబ్బేటే? ఆ డబ్బెడితే పెయ్యదూడ వచ్చును కదే" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు, కర్రి మంచాన పడ్డట్టు పడి ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆగి "తిన్నాడేటే?" అని అడిగిన మనిషే. ఆవిడ లెక్కలో పశువంటే పాలివ్వాలి, లేదా దుక్కి దున్నాలి. నేనూ ఆవున్న ఇంట్లోనే పుట్టాను కాబట్టి ఆ లెక్క నాకు తెలుసు. కానీ నన్ను నిద్ర పోనివ్వని లెక్క వేరే ఉంది. కర్రిని బతికించిన ఆ 56 మాత్రల ఖరీదు 392 రూపాయలు. మిగతా పదిహేడు వేలు ఎక్కడికి పోయాయి, అందులో ఎంత అవసరం, ఎంత అనవసరం, ఎంత నా చేతులారా చేసుకున్నది? ఇదంతా ఒకసారి వరసగా రాసుకుంటే తప్ప నాకు తెమిలేలా లేదు.

కర్రి జాతి కుక్క కాదు. నాలుగేళ్ల కిందట వానాకాలంలో నాగావళి పాత వంతెన దగ్గర గోనెసంచిలో రెండు పిల్లలు దొరికాయి, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది. నల్లవాడు కర్రి అయ్యాడు. ఎర్రదానికి పేరు పెట్టేంత వ్యవధి కూడా మాకు దొరకలేదు. ఇంటికొచ్చిన నాలుగో రోజు వాంతులు, ఆ తర్వాత రక్తంతో విరేచనాలు, ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే. ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సెలైన్ పెట్టి, రెండు సూదులు వేసి, "రేపు పొద్దున్న తీసుకురండి" అన్నారు. తెల్లారకముందే పోయింది. ఆ సూది వికటించే చచ్చిపోయిందని నేను కనీసం పదిమందికి చెప్పాను, నమ్మి చెప్పాను.

అది పార్వో అని, ఆ వైరస్‌ని చంపే మందంటూ ఏదీ వాడుకలో లేదని, పేగుల లోపలి పొర ఊడిపోతుంటే సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, మరో ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇచ్చి ఒళ్లు తనంతట తాను కోలుకునేదాకా నిలబెట్టడమే వైద్యమని, అంత చేసినా చాలా పిల్లలు పోతాయని నాకు తర్వాత తెలిసింది. అంటే ఆయన చేసింది సరైన వైద్యమే. ఆయన చెయ్యనిది ఒకటే, "ఇది పార్వోలా ఉందమ్మా, బతకడం కష్టం" అనే మాట చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఏడ్చేదాన్ని, డబ్బు మాత్రం ఇచ్చేదాన్నే, ఊరంతా ఆయన మీద చెప్పేదాన్ని కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మాట తల్చుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

కర్రి ఎలాగో బతికాడు. వాడికి టీకాలు వేయించేటప్పుడు ఇంకో గొడవ. ఒక టీకా వేయించి అయిపోయిందనుకున్నాను. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు వచ్చేదాకా వెయ్యాలని ఎవరూ చెప్పలేదు. ఎందుకన్ని సార్లు, డబ్బుల కోసమా అని రెండోసారి నేనే గొణిగాను. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాని పనిచేయనివ్వదట, అది ఏ పిల్లలో ఏ వారానికి పోతుందో బయటికి తెలీదు కాబట్టి మళ్లీ మళ్లీ వేస్తారట. ఇది రెండు వాక్యాల సంగతి. మూడో టీకాకి నేను మందుల షాపులో కొని ప్లాస్టిక్ కవర్లో ఐసు ముక్క వేసుకుని తీసుకెళ్తే ఆ డాక్టరు వెయ్యను పొమ్మన్నారు. తన దగ్గర కొనలేదని కోపమనుకున్నాను. టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి, ఎండాకాలం కరెంటు పోయే ఊళ్లో ఆ షాపు ఫ్రిజ్ సంగతి ఆయనకేం తెలుసు, పనిచెయ్యని టీకా వేసి రేపు కుక్కకి జబ్బొస్తే మాట పడేది ఆయనే. ఇది కూడా ఆయన చెప్పలేదు, నేనే తర్వాత ఆలోచించి తెలుసుకున్నాను.

ఇక ఈ వేసవి. ఏప్రిల్ చివర్లో కర్రి ఒంటి మీద గోమార్లు (పిడుదులు) కనిపించాయి, చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో. మా అమ్మ ఆవుకి తీసినట్టే చేత్తో తీసి కిరసనాయిల్లో వేశాను, అంతటితో సరి అనుకున్నాను. మే మొదట్లో ఒకరోజు నెత్తళ్లన్నం ముట్టలేదు. ఒళ్లు కాలిపోతోంది. ఆదివారం కావడంతో మందుల షాపుకెళ్లి అడిగితే పారాసెటమాల్ అరబిళ్ల వెయ్యమన్నాడు. వేశాను. నేను ఎనిమిదో తరగతికి రాబందుల గురించి చెప్పేదాన్ని, పశువులకి వేసిన డైక్లోఫెనాక్ వల్ల వాటి కళేబరాలు తిన్న రాబందులు ఎలా చచ్చిపోయాయో, పశువైద్యంలో ఆ మందుని 2006లో మన దేశంలో ఎలా నిషేధించారో బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను. మనిషి మందు జంతువుకి విషం కావచ్చని పిల్లలకి చెప్పే నేను ఇంట్లో ఆ పని చేశాను. తర్వాత తెలిసింది, పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ బిళ్లే ప్రాణం తీయచ్చు, కుక్కలకి మోతాదు మించితే కాలేయం దెబ్బతినచ్చు, ఐబుప్రొఫెన్ లాంటివైతే కడుపులో పుండ్లు పడచ్చు, కిడ్నీలు పాడవచ్చు.

సోమవారం పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరుగారు గాలికుంటు టీకాలకని ఊళ్లలోకి వెళ్లారు, సాయంత్రానికి గానీ రారన్నారు. నేను అక్కడ ఎవరినీ ఏమీ అనలేదు, అనాలని కూడా అనిపించలేదు. పోయినేడు మా అమ్మ ఊళ్లో ఆవు ఈనలేక అర్ధరాత్రి నుంచి అవస్థ పడుతుంటే తెల్లవారాక పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేశాం, బండి వచ్చింది, డాక్టరు చెయ్యి పెట్టి దూడని తిప్పి బయటికి తీశారు, రెండు ప్రాణాలూ నిలిచాయి. 2022లో ఆ బళ్లు మొదలైనప్పుడు వాటిని పెట్టిందే ఇలాంటి పని కోసం. ఒక డాక్టరు, ఆయన కింద బోలెడన్ని ఊళ్లు, వేల పశువులు, వాటి మీద బతికే ఇళ్లు. ఆ వరసలో నా కుక్క ఆఖరున నిలబడుతుందని నాకు తెలుసు. కానీ కుక్క అయినా జ్వరం జ్వరమే కదా, సాయంత్రం దాకా ఆగలేక టౌన్‌లో ఒక ప్రైవేట్ క్లినిక్‌కి తీసుకెళ్లాను.

జ్వరం 104.2. మూడు సూదులు వేశారు, 550 రూపాయలు. "ఏం సూదులు సార్?" అంటే "జ్వరానికి, బలానికి" అన్నారు. రక్తపరీక్ష ఏమైనా చేయించాలా అని అడిగాను, అడిగిన మాట నిజం. "అక్కర్లేదమ్మా, తగ్గిపోద్ది" అన్నారు. ఏమైనా మందులు వేశారా అని ఆయన నన్ను అడిగారు. లేదన్నాను. తిడతారేమోనని. ఇది ఇక్కడ రాయకుండా దాటేద్దామని చాలాసేపు అనుకున్నాను, కానీ దాటేస్తే మిగతాదంతా రాసే హక్కు నాకుండదు. ఆయన నాకు సూది పేరు చెప్పలేదు, నేను ఆయనకి బిళ్ల సంగతి చెప్పలేదు, మధ్యలో బల్ల మీద నోరులేనివాడు పడుకుని ఉన్నాడు.

రెండో రోజు మళ్లీ మూడు సూదులు. కాస్త లేచి నీళ్లు తాగాడు, మా బాబు పెట్టిన బిస్కెట్ తిన్నాడు, ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడో రోజు కూడా అవే సూదులు. ఆ రాత్రి ఒంటిగంటప్పుడు వసారాలో తుమ్ముతున్న చప్పుడైతే లేచాను. లైటు వేస్తే సిమెంటు గచ్చు మీద చుక్కలు చుక్కలుగా రక్తం. ముక్కు ఒకవైపు నుంచి కారుతూనే ఉంది, వాడు నాలికతో తుడుచుకుంటున్నాడు, తోక ఊపుతున్నాడు నన్ను చూసి. చిగుళ్లు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. క్లినిక్ నంబరుకి నాలుగుసార్లు చేశాను, ఎత్తలేదు. రాత్రి ఒంటిగంటకి ఎవరైనా ఎందుకు ఎత్తాలి అని ఇప్పుడు అనుకోగలుగుతున్నాను, ఆ రాత్రి అనుకోలేకపోయాను. మా ఆయన ఐసు గుడ్డలో చుట్టి ముక్కు మీద పెడుతూ కూర్చున్నారు, నేను గోడకి ఆనుకుని తెల్లారేదాకా కర్రి తల ఒళ్లో పెట్టుకున్నాను.

తెల్లారి విశాఖపట్నం బయల్దేరాం. బస్సు ఎక్కనివ్వరు కాబట్టి కారు, రానూ పోనూ నాలుగు వేలు. కుక్క అనగానే ఇద్దరు డ్రైవర్లు రామన్నారు, మూడో అబ్బాయి "అక్కా, దుప్పటి పరిచీయండి, బేగి ఎల్లిపోదాం" అన్నాడు. ఆ అబ్బాయి రణస్థలం దగ్గర ఆపి టీ కూడా తాగలేదు. పూసపాటిరేగ దాటాక మళ్లీ రక్తం మొదలైంది, మా బాబు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూడడం మానేశాడు. నూరు కిలోమీటర్ల పైనే దూరం, దారి పొడవునా ఒకటే ఆలోచన, ఒక్క రక్తపరీక్ష కోసం మనం ఇంత దూరం ఎందుకు వెళ్తున్నాం?

అక్కడ అద్దాల తలుపు, ఏసీ, కంప్యూటర్ ముందు అమ్మాయి. డాక్టరు చూడకముందే అడ్వాన్సు కట్టమన్నారు. కన్సల్టేషన్ 600, రక్తపరీక్షలు, గోమార్ల జ్వరానికి కిట్ టెస్టు, ఎక్స్‌రే, స్కానింగ్ కలిపి 5,200, సెలైన్, సూదులు 1,400. ఎక్స్‌రే ఎందుకండీ, ముక్కులోంచి రక్తం వస్తోంది గానీ దెబ్బేమీ తగల్లేదు అన్నాను. "ప్రోటోకాల్ మేడమ్" అని జవాబు. ఆ ఎక్స్‌రే ఎందుకు తీశారో నాకు ఇప్పటికీ తెలీదు. ఏదైనా కారణం ఉండే ఉంటుందని అనుకోవడానికి నేను సిద్ధమే, ఆ కారణం నాకు చెప్పి ఉంటే.

ప్లేట్‌లెట్లు 22 వేలు. కుక్కకి దాదాపు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి. కిట్‌లో ఎర్లీకియా అని తేలింది, గోమారి కుట్టినప్పుడు రక్తంలోకి చేరే బ్యాక్టీరియా. పెద్ద డాక్టరు రెండు నిమిషాలు చూసి, అడ్మిట్ చెయ్యండి, రోజుకి నాలుగు వేలవుతుంది, ఐదు రోజులైనా ఉండాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు అని చెప్పి లోపలికి వెళ్లిపోయారు. ఇరవై వేలు మా దగ్గర లేవు. అప్పు చెయ్యచ్చు, చేద్దామా వద్దా అని మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉంటే, కౌంటర్ దగ్గర అమ్మాయి "అడ్మిట్ చెయ్యకపోతే మా బాధ్యత లేదని సంతకం పెట్టండి" అని కాయితం ఇచ్చింది. ఆ కాయితం మీద సంతకం పెట్టిన క్షణంలో నా కుక్కని నేనే చంపుతున్నట్టు అనిపించింది. డబ్బులేని మనిషిని ఇంతకంటే బాధపెట్టే పని ఇంకొకటి ఉండదు.

బయట బెంచీ మీద కూర్చుంటే అక్కడ పనిచేసే చిన్న డాక్టరు, పాతికేళ్లు ఉంటాయేమో ఆ అమ్మాయికి, వచ్చి పక్కన కూర్చుంది. రిపోర్టు నా ఒళ్లో పెట్టి ఒక్కొక్క గీతా చూపించింది. ఇంతకుముందు ఏ సూదులు వేశారని అడిగింది, ఎందుకంటే జ్వరానికీ నొప్పికీ వేసే కొన్ని మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి, అవేనా అని తెలియాలి. నా దగ్గరున్న చీటీ మీద తేదీ, 550 అనే అంకె తప్ప ఏమీ లేవు. అప్పుడు నేనే పారాసెటమాల్ సంగతి చెప్పేశాను. తిట్టలేదు. "ఎంత వేశారు, ఎన్నిసార్లు?" అని రాసుకుని, ఒక్క అరబిళ్ల కాబట్టి ఫరవాలేదు, ఇంకెప్పుడూ వద్దు అంది. తర్వాత చెప్పింది, రక్తం కారడం ఇప్పుడు ఆగింది, వాడు నీళ్లు తాగుతున్నాడు, మీరు రాత్రిళ్లు చూసుకోగలిగితే ఇంటి దగ్గర వాడచ్చు, ప్రమాదం లేదని నేను చెప్పను, ఉంది. అసలు మందు డాక్సీసైక్లిన్. బరువుని బట్టి మోతాదు, మావాడు 19 కిలోలు. పూర్తిగా 28 రోజులు, పదో రోజుకి బాగైపోయినట్టు కనిపించినా ఆపకూడదు. తిండి తర్వాతే వెయ్యాలి, వేశాక నీళ్లు పట్టాలి, లేకపోతే గొంతులో అంటుకుని పుండు పడుతుంది. పాలతో, పెరుగుతో వద్దు. మళ్లీ ముక్కులోంచి రక్తం వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా, పొట్ట మీద ఎర్రటి మచ్చలు కనిపించినా ఎక్కడికైనా సరే పరుగెత్తాలి.

పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలకి బిల్లు లేదు. నాలుగేళ్లలో ఒక కుక్క డాక్టరు నాతో పక్కన కూర్చుని మాట్లాడడం అదే మొదటిసారి, "ప్రమాదం లేదని నేను చెప్పను" అన్న ఆ మాటతోనే నాకు ఆ అమ్మాయి మీద నమ్మకం కుదిరింది. తగ్గిపోద్ది అన్న మాట విని విని ఉన్నాను కదా.

ప్లేట్‌లెట్లు వారం తర్వాత మళ్లీ చూడాలంది. అందుకోసం ఇంత దూరం రానక్కర్లేదు, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడికి వెళ్లండి అని కూడా ఆమే చెప్పింది. మనుషుల ల్యాబుల్లో చేయించకండి, ఆ మెషీన్లు కుక్క రక్తానికి తగినట్టు సెట్ చేసి ఉండవు, అంకెలు తప్పొస్తాయి అంది. చీపురుపల్లికి ఎన్నిసార్లు వెళ్లానో, పక్కనే గరివిడిలో తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల కాలేజీ ఉందన్న సంగతి విన్నదే, కుక్కని తీసుకెళ్లచ్చన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ రాలేదు.

మా తమ్ముడి కారులో వెళ్లాం, రెండుసార్లకీ కలిపి పెట్రోలుకి 1,600, అక్కడ కట్టింది 140. బల్ల చుట్టూ ఏడెనిమిది మంది విద్యార్థులు నిలబడ్డారు. కర్రి బెదిరి నా చేతుల్లో తల దూర్చేశాడు. ఆ మేష్టారు నాతో పెద్దగా మాట్లాడలేదు, విద్యార్థుల్ని ప్రశ్నలు అడుగుతున్నారు. ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోయాయి? ఒంట్లోని రక్షణ వ్యవస్థే వాటిని చంపేస్తుంది సార్, ప్లీహంలో చిక్కుకుపోతాయి సార్. ఇంకో నాలుగు నెలలు గుర్తించకపోతే? ఎముక మజ్జ దెబ్బతింటుంది సార్, అప్పుడు మందిచ్చినా కణాలు తయారవ్వవు. కిట్‌లో పాజిటివ్ వచ్చింది కదా, స్లైడ్ ఎందుకు చూస్తున్నాం? బబీసియా అనే ఇంకో సూక్ష్మజీవి కూడా ఉండచ్చు సార్, ఆ గోమారే మోస్తుంది, దానికి డాక్సీ సరిపోదు, వేరే మందు. నేను పక్కన నిలబడి వింటూనే ఉన్నాను. నాలుగేళ్లుగా నేను అడుగుతూ వచ్చిన ప్రశ్నలన్నీ అక్కడ ఎవరో ఎవర్నో అడుగుతున్నారు, జవాబులు వస్తున్నాయి. నేను టీచర్ని కాబట్టి నాకు ఇంకా బాగా తెలిసింది, పక్కవాడికి చెప్పాల్సి వచ్చినప్పుడు మనిషి ఇంకాస్త జాగ్రత్తగా చూస్తాడు. ఆ రోజు ప్లేట్‌లెట్లు 96 వేలు. తర్వాత 24వ రోజు 2 లక్షల 10 వేలు. రెండోసారి ఆ అంకె చదివిన కుర్రాడు నాకంటే ముందు నవ్వాడు.

విశాఖలో పరీక్షలకి కట్టిన డబ్బు మీద నాకు మొదట్లో ఉన్న మంట ఆ రోజే చల్లారింది. 392 రూపాయల మందు ఏదో తెలియడానికి ఆ పరీక్షలు కావాలి, ఊరికే ఊహించి వేస్తే, అది బబీసియా అయ్యుంటే కర్రి చచ్చిపోయినా పోయేవాడు. కానీ ఇంకో సంగతి కూడా నిజం. అందులో రక్తపరీక్ష, కిట్ టెస్టు రెండూ శ్రీకాకుళంలోనే మొదటి రోజు జరిగి ఉంటే, కారు ఖర్చు నాలుగు వేలు, ఆ మూడు రోజుల సూదులు, ఆ రాత్రి, ఏవీ ఉండేవి కావు. దీనికి ఎవరిని అనాలి? చిన్న ఊళ్లో క్లినిక్ పెట్టిన డాక్టరు లక్షలు పోసి రక్తం మెషీన్ కొంటే నెలకి ఎంతమంది చేయిస్తారు? నేనే 550 దగ్గర "కుక్కకే కదండీ, కాస్త తగ్గించండి" అని బేరమాడాను మొదటి రోజు. అయిదున్నరేళ్లు చదివి, ముందుగా తమకి రేబీస్ సూదులు వేయించుకుని, కరిచే జంతువుల నోట్లో చెయ్యి పెట్టేవాళ్లతో మనం కూరగాయల దగ్గర ఆడినట్టు బేరమాడతాం. మా తమ్ముడి స్నేహితుడు పశువుల సహాయకుడిగా పనిచేస్తున్నాడు, వాడు అంటాడు, అందరూ ఆఖరి రోజు తీసుకొస్తారక్కా, అప్పటికే పసర్లు పోసేసి ఉంటారు, పోతే మా పేరు, బతికితే దేవుడి పేరు అని. ఎర్రది పోయినప్పుడు నేను చేసింది సరిగ్గా అదే.

అయినా సరే, మెషీన్ లేకపోవడం తప్పు కాదు గానీ "నా దగ్గర మెషీన్ లేదు, ఇది గోమార్ల జ్వరం కావచ్చు, గరివిడి వెళ్లి రక్తం చూపించండి" అనడానికి డబ్బేమీ కాదు కదా. మే నెల, ఒంటి మీద గోమార్లు, 104 జ్వరం. మొదటి రోజు ఆ ఒక్క మాట చెప్పి ఆ 550 తీసుకుని ఉంటే, నేను జీవితాంతం ఆ క్లినిక్‌కే వెళ్లేదాన్ని. వేసిన సూది పేరు చీటీ మీద రాయడం ఎవరి దయా కాదు, మనకి రావాల్సిందే. నేను ఇప్పుడు అడుగుతున్నాను, ఎక్కడికెళ్లినా అడుగుతున్నాను, పేరు రాయండి సార్, మోతాదు రాయండి, ఏ జబ్బనుకుంటున్నారో రాయండి, కాకపోతే ఇంకేం కావచ్చో చెప్పండి. మొదటిసారి అడిగినప్పుడు గొంతు వణికింది. మీరూ అడగండి. మీ వైపు నుంచి కూడా దాచకండి, షాపులో కొన్న బిళ్లయినా, పోసిన పసరైనా, తిన్న ఎముకైనా చెప్పేయండి.

ఇంట్లో కూడా చేయాల్సింది చేశాను. గోమారి కుక్క మీద తాగి, కింద రాలి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుందట, అందుకే చేత్తో తీసి కిరసనాయిల్లో వేస్తే తీరే పని కాదు. వసారా పగుళ్లన్నీ సిమెంటుతో పూడ్పించి మందు కొట్టించాం, కర్రికి మూడు నెలలు పనిచేసే గోమార్ల మాత్ర వేశాం, రెండూ కలిపి 1,600. ఈ మాత్ర ఏప్రిల్‌లో వేసి ఉంటే అసలు ఇదేమీ రాసేదాన్ని కాదు. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కర్రి కోసం విడిగా పెట్టాను. కుక్కలకి 101 నుంచి 102.5 దాకా మామూలే, మన లెక్కన జ్వరమని కంగారు పడక్కర్లేదు. వారానికోసారి చిగుళ్లు చూస్తున్నాను, గులాబీ రంగులో ఉన్నాయి.

పోయిన శనివారం ఆ టౌన్ క్లినిక్‌కి మళ్లీ వెళ్లాను, కర్రి లేకుండా, రిపోర్టులు పట్టుకుని. దెబ్బలాడాలనే వెళ్లాను, దార్లో మాటలు కూడా కూర్చుకున్నాను. ఆయన బల్ల మీద ఒక మేకపిల్లకి కట్టు కడుతున్నారు, బయట ఇంకా ఆరుగురు ఉన్నారు, సహాయానికి ఒక్క కుర్రాడు. రిపోర్టు చేతికిచ్చాను. చాలాసేపు చూశారు. "22 వేలా" అన్నారు. తర్వాత కుర్చీలో కూర్చుని, "నేను ఎండదెబ్బ జ్వరమనుకున్నానమ్మా, ఆ వారం అన్నీ అవే వచ్చాయి" అన్నారు. అడగకుండానే ఆ మూడు సూదుల పేర్లూ ఒక కాయితం మీద రాసి ఇచ్చారు. నేను తెచ్చుకున్న మాటలు ఒక్కటీ అనలేదు. అలాగని క్షమించేశాననీ కాదు, ఆ రాత్రి గచ్చు మీద రక్తం నాకింకా కనిపిస్తూనే ఉంది. అరబిళ్ల సంగతి నేనూ చెప్పాను. ఆయన తలూపి ఊరుకున్నారు.

జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి జరిపే రోజు, ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. ప్రతి ఏడూ మా వీధి పిల్లలు తాళ్లు కట్టి కుక్కల్ని లాక్కుంటూ వరసలో నిలబడతారు, మా బాబు ఇప్పటికే తాడు తీసి పెట్టుకున్నాడు. జబ్బు నుంచి ఇప్పుడే తేరుకున్నవాడికి వెంటనే వెయ్యచ్చా, కొన్నాళ్లు ఆగాలా అని గరివిడిలో అడిగి రావాలి. ఆఖరి రక్తపరీక్ష కూడా అక్కడికి వెళ్లిన రోజే. దానికి పెట్రోలు డబ్బు 800 కందిపప్పు డబ్బా వెనక పెట్టి ఉంచాను. ఇప్పుడు ఇది రాస్తుంటే కర్రి వంటింటి గుమ్మంలో కూర్చుని అలమర వైపే చూస్తున్నాడు, రాత్రి ఎనిమిదైంది, మాత్ర వేళ.